మూడు కోతల్లో ఇటాలియన్ క్రియ: ‘పర్లారె’ను అన్ని రూపాల్లో నడిపించడం

పర్లారె అంటే మాట్లాడటం. ఇటాలియన్ వ్యాకరణం ఈ ఒక్క క్రియను 7 ‘మోదొ’ల్లో, మొత్తం 21 ‘తేంపొ’ల్లో చూపిస్తుంది. మోదొ అంటే క్రియ చెప్పే తీరు: జరిగినది చెప్పడం, ఊహించడం, ఆజ్ఞాపించడం లాంటివి. తేంపొ అంటే కాలం. ఈ పట్టికలన్నీ మొదటి పేజీ నుంచి బట్టీ పట్టడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో వారానికే పుస్తకం మూసేస్తారు. అంత అవసరం లేదు. ఆ 21లో 9 రూపాలు రెండేసి మాటల జంటలు. సహాయక క్రియ వస్తే చాలు, అవి వాటంతటవే కుదురుతాయి. మిగిలిన 12లో ఒకటి పర్లారె అన్న మాటే. తక్కిన 11 రూపాలూ ఆ మాటను మూడు చోట్ల కోస్తే వస్తాయి.

ముందు చెవి సంగతి

ఇక్కడ ఇటాలియన్ మాటలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. నియమం ఒక్కటే: ఏ అచ్చును నొక్కి పలకాలో దానికి మాత్రమే దీర్ఘం పెట్టాం, మిగతావన్నీ హ్రస్వాలు. దీర్ఘం తర్వాత ఒత్తు అక్షరం ఉంటే నొక్కండి గానీ సాగదీయకండి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే అర్థమే మారిపోతుంది. పార్లొ అంటే ‘నేను మాట్లాడతాను’. పర్లో అంటే ‘అతను మాట్లాడాడు’. రోమన్ లిపిలో ఈ రెండింటికీ తేడా చివరి అచ్చు మీద ఉండే చిన్న గీత ఒక్కటే. తెలుగు లిపిలో మాత్రం తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే నోట్సు మొదటి నెల రెండు లిపుల్లోనూ రాసుకోవడం మంచిది.

రెండో విషయం, ఇటాలియన్ త, ద మన త, ద లాంటివే. నాలుక పళ్లకు తగులుతుంది. ఇంగ్లీషు అలవాటుతో ‘పర్లాటె’, ‘పర్లాండొ’ అని ట, డ పలికేవాళ్లు ఎక్కువ. పర్లాతె, పర్లాందొ అనాలి. ఒత్తులు కూడా మనలాగే పలకాలి. కల వేరు, కల్ల వేరు అని తెలిసిన చెవికి ఇది కొత్త కాదు. కాస్త ముందుకు వెళ్తే ఒక్క ఒత్తు తేడాతో భవిష్యత్తు ‘చేస్తాం’ నుంచి ‘చేసేవాళ్లం’ అయిపోవడం చూస్తారు.

ఇంకో లాభమూ ఉంది. ‘మాట్లాడాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పనక్కర్లేదు కదా, ఇటాలియన్‌లోనూ అంతే. క్రియ చివర చూస్తే కర్త తెలిసిపోతుంది. సర్వనామాలు ఇవి: ఈయొ (నేను), తూ (నువ్వు), లూయి (అతను), లేయి (ఆమె), నోయి (మేము, మనం రెండూ), వోయి (మీరంతా), లోరొ (వాళ్లు). కింద ప్రతి వరుసలోనూ ఆరు రూపాలు ఇదే క్రమంలో ఉంటాయి. అతను, ఆమెలకు రూపం ఒకటే.

మొదటి కోత: చివరి ‘అరె’ మొత్తం తీసేయండి

మిగిలేది ‘పర్ల్’. దీని నుంచి ప్రెసేంతె, అంటే వర్తమానం వస్తుంది:

పార్లొ, పార్లి, పార్ల, పర్ల్యామొ, పర్లాతె, పార్లనొ.

నొక్కు ఎక్కడ పడిందో చూడండి. నాలుగు రూపాల్లో ధాతువు మీద, మేము-మీరు రూపాల్లో మాత్రం ప్రత్యయం మీద. ఎక్కువమంది తప్పు చేసేది ఆఖరి రూపంలో. ‘పర్లానొ’ అంటారు. అది పార్లనొ. ధాతువు పొడుగైతే ఈ తప్పు ఇంకా తేలిగ్గా వస్తుంది. అబితారె (నివసించు) నుంచి ఆబితొ, ఆబితనొ. తెలెఫొనారె నుంచి తెలేఫొనొ, తెలేఫొననొ. ధాతువులో ఏ అచ్చు మీద నొక్కాలో ‘-అరె’ రూపం చూస్తే తెలియదు. అందుకే కొత్త క్రియ నేర్చుకునేటప్పుడు ‘నేను’ రూపం కూడా నిఘంటువులో చూసి పక్కన రాసుకోవాలి.

మన ‘మాట్లాడతాను’ రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. పార్లొ కూడా అంతే. ‘రేపు అతనితో మాట్లాడతాను’ అనడానికి దొమాని పార్లొ కొన్ లూయి అంటే ఎవరూ తప్పు పట్టరు.

ఇదే కోత నుంచి కొంజుంతీవొ ప్రెసేంతె వస్తుంది. ఊహకూ, సందేహానికీ, కోరికకూ వాడే తీరు ఇది:

పార్లి, పార్లి, పార్లి, పర్ల్యామొ, పర్ల్యాతె, పార్లినొ.

మొదటి మూడూ ఒకటే కాబట్టి ఇక్కడ మాత్రం సర్వనామం వదలకండి: కె ఈయొ పార్లి, కె తూ పార్లి.

విధ్యర్థకం, అంటే ఇంపెరతీవొ కూడా ఇక్కడే పుడుతుంది. పార్ల (మాట్లాడు), పార్లి (మాట్లాడండి, ఒక్కరితో మర్యాదగా), పర్ల్యామొ (మాట్లాడదాం), పర్లాతె (మీరంతా మాట్లాడండి), పార్లినొ (వాళ్లు మాట్లాడాలి). ‘మాట్లాడకు’ అనడానికి తెలుగులో క్రియ రూపమే మారుతుంది. ఇటాలియన్‌లోనూ మారుతుంది: నొన్ పర్లారె. ‘నొన్ పార్ల’ అంటే తప్పు. ఈ మార్పు ‘నువ్వు’ రూపానికే. మిగతా వాటికి ముందు నొన్ చేరిస్తే చాలు.

మర్యాద గురించి ఒక మాట. పెద్దవాళ్లతో, అపరిచితులతో, ఆఫీసుల్లో వాడేది ‘లేయి’. అంటే ఆమె అనే మాటే, ఎదుట ఉన్నది మగవాడైనా సరే. క్రియ ఏకవచనంలో ఉంటుంది. తెలుగు ‘మీరు’కి బహువచన క్రియ అలవాటైన మనకు వోయి పర్లాతె నోటికి వచ్చేస్తుంది. ఉత్తర ఇటలీలో ఒక్క మనిషితో అలా అంటే వింతగా చూస్తారు. దక్షిణ ఇటలీలో పాతతరం వాళ్ల మధ్య ఆ వాడుక ఇంకా ఉంది. 1938లో ఫాసిస్టు ప్రభుత్వం లేయిని పక్కనపెట్టి వోయి వాడమని ఒత్తిడి చేసింది. ఆ ప్రభుత్వం పోయాక లేయి మళ్లీ నిలబడింది.

రెండో కోత: చివరి ‘రె’ మాత్రమే తీసేయండి

మిగిలేది ‘పర్లా’. ఇక్కడ పంట ఎక్కువ. చివర ‘వొ’ చేరిస్తే ఇంపెర్ఫేత్తొ:

పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ.

నాలుగు, ఐదు రూపాల్లో నొక్కు ఒక మెట్టు ముందుకు జరిగింది, గమనించండి. అలవాటుగా చేసిన పనులకు, అప్పటికి జరుగుతూ ఉన్న పనులకు ఈ రూపం. ద బంబీనొ పర్లావొ తెలుగు అ కాస: చిన్నప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ణి. మేంత్రె పర్లావొ, ఏ అర్రివాత మరీయ: నేను మాట్లాడుతుండగా మరియ వచ్చింది. నడుస్తున్న పని ఇంపెర్ఫేత్తొలో, మధ్యలో వచ్చిపడ్డ సంఘటన వేరే కాలంలో ఉండటం చూడండి.

పస్సాతొ రెమోతొ, పూర్తయిపోయిన గతం: పర్లాయి, పర్లాస్తి, పర్లో, పర్లామ్మొ, పర్లాస్తె, పర్లారొనొ. నవలలు, చరిత్ర పుస్తకాలు దీనితోనే నడుస్తాయి. సిసిలీ లాంటి చోట్ల మాటల్లోనూ వినిపిస్తుంది. మిలాన్, తొరీనొ వైపు మాట్లాడేటప్పుడు దాదాపు వాడరు. చదివి గుర్తుపట్టగలిగితే మొదటి ఏడాదికి చాలు.

కొంజుంతీవొ ఇంపెర్ఫేత్తొ: పర్లాస్సి, పర్లాస్సి, పర్లాస్సె, పర్లాస్సిమొ, పర్లాస్తె, పర్లాస్సెరొ. ఇందులో ‘మీరంతా’ రూపం పర్లాస్తె, రెమోతొలోనూ అదే. ఏదో వాక్యమే చెప్పాలి.

మిగిలినవి మన వ్యాకరణం పేర్లతోనే పిలవచ్చు. జెరూందియొ అంటే మన శత్రర్థకం: పర్లాందొ, మాట్లాడుతూ. ‘మాట్లాడుతూ ఉన్నాను’ అనడానికి స్తారె క్రియను జోడిస్తారు: స్తో పర్లాందొ. రెండు భాషల్లోనూ కట్టుబడి ఒకటే. పర్తిచీపియొ రెండు రకాలు: పర్లాంతె (మాట్లాడే), పర్లాతొ (మాట్లాడిన). మొదటిది ఇప్పుడు ఎక్కువగా నామవాచకంగానో విశేషణంగానో మిగిలింది. రెండోది లేకుండా అడుగు కదలదు, జంట మాటలన్నీ దాని మీదే నిలబడతాయి.

మూడో కోత: చివరి ‘ఎ’ ఒక్కటే తీసేయండి

మిగిలేది ‘పర్లార్’. ‘-అరె’ క్రియల్లో ఇక్కడ ఆ ‘అ’ను ‘ఎ’గా మార్చాలి: పర్లెర్. మరిచిపోయి ‘పర్లరో’ అనడం కొత్తవాళ్ల తప్పు. అది పర్లెరో.

ఫుతూరొ, అంటే భవిష్యత్తు: పర్లెరో, పర్లెరాయి, పర్లెరా, పర్లెరేమొ, పర్లెరేతె, పర్లెరాన్నొ.

ఈ చివరలు ఎక్కడివో తెలిస్తే మరిచిపోరు. ‘కలిగి ఉండు’ అనే అవేరె క్రియకు వర్తమానం ఓ, ఆయి, ఆ, అబ్బ్యామొ, అవేతె, ఆన్నొ. లాటిన్ నుంచి వచ్చేటప్పుడు ‘మాట్లాడవలసి ఉంది’ అన్నట్టు ఈ క్రియ మూల క్రియ వెనక అతుక్కుపోయి భవిష్యత్తుగా గట్టిపడింది. అందుకే ఓ, ఆయి, ఆ, ఆన్నొ చివర్లో చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

కొందిత్సియొనాలె, అంటే ‘వీలుంటే చేసేవాణ్ణి’ అనే తీరు: పర్లెరేయి, పర్లెరేస్తి, పర్లెరేబ్బె, పర్లెరేమ్మొ, పర్లెరేస్తె, పర్లెరేబ్బెరొ.

ముందు చెప్పిన ఒత్తు ఇదే. పర్లెరేమొ అంటే మాట్లాడతాం, పర్లెరేమ్మొ అంటే (వీలుంటే) మాట్లాడేవాళ్లం. మ్ దగ్గర పెదవులు ఒక క్షణం ఎక్కువసేపు మూసి ఉంచండి. రాసేటప్పుడు ఒక అక్షరం తగ్గితే మీరు చెప్పింది హామీ అయిపోతుంది.

తెలుగువాళ్లు పడే గుంట

‘మాట్లాడేవాణ్ణి’ అన్న మన మాట రెండు పనులు చేస్తుంది. ‘రోజూ మాట్లాడేవాణ్ణి’ అంటే అలవాటు. ‘తెలిసి ఉంటే మాట్లాడేవాణ్ణి’ అంటే జరగని పని. ఇటాలియన్‌లో ఇవి వేర్వేరు గదుల్లో ఉంటాయి. మొదటిది పర్లావొ. రెండోది అవ్రేయి పర్లాతొ. తెలుగులో ఆలోచించి ఇటాలియన్‌లోకి దింపితే రెండు చోట్లా పర్లావొ వచ్చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఇటాలియన్లు కూడా మామూలు మాటల్లో రెండో చోట పర్లావొ అనేస్తారు. వాళ్లకది కబుర్ల భాష. పరీక్షలోనూ, ఉద్యోగానికి రాసే ఉత్తరంలోనూ అలా రాయరు.

చేదర్థకం దగ్గర ఇంకో తప్పు. ‘అయితే, వస్తే’ అనే భాగం సె తో మొదలవుతుంది. జరగనిది, ఊహించినది అయితే సె వెనక కొంజుంతీవొ ఇంపెర్ఫేత్తొ రావాలి, ఫలితం చెప్పే భాగంలో కొందిత్సియొనాలె రావాలి:

సె పర్లాస్సి ఇతల్యానొ, లవొరెరేయి అ మిలానొ. నేను ఇటాలియన్ మాట్లాడగలిగితే మిలాన్‌లో పనిచేసేవాణ్ణి.

గతంలో జరగనిదైతే రెండు వైపులా వీటి జంట మాటలే వస్తాయి (అవి కింద చూస్తారు): సె అవేస్సి పర్లాతొ, అవ్రేబ్బె కపీతొ. నేను మాట్లాడి ఉంటే అతనికి అర్థమయ్యేది.

‘సె పర్లెరేయి’ అని రెండు వైపులా కొందిత్సియొనాలె పెట్టడం ఇటలీ బడిపిల్లలూ చేసే తప్పే. అక్కడి ఉపాధ్యాయులు ఎర్ర సిరా ఎక్కువ ఖర్చుపెట్టేది దీని మీదే కావచ్చు. జరగడానికి అవకాశమున్న మామూలు షరతుకైతే ఈ తంటా లేదు: సె పార్లి, కపీస్కొ. నువ్వు మాట్లాడితే నాకర్థమవుతుంది.

ఇక ‘అని’. తెలుగులో ‘అతను ఇల్లు అమ్ముతున్నాడని తెలుసు’, ‘అతను ఇల్లు అమ్ముతున్నాడని అనుకుంటున్నాను’. అమ్ముతున్నాడు మారలేదు. ఇటాలియన్‌లో మారుతుంది. తెలుసు అయితే మామూలు రూపం: సో కె వేందె ల కాస. అనుకోవడం అయితే కొంజుంతీవొ: పేన్సొ కె వేంద ల కాస. భయం, కోరిక, సందేహం, అనుమానం ఏదొచ్చినా ఇదే దారి. రెండు భాగాలకూ కర్త ఒకరే అయితే కొంజుంతీవొ వదిలేసి పేన్సొ ది పర్లారె అంటారు.

జంట మాటలు

పర్లాతొ ముందు అవేరె రూపం పెట్టండి. అవేరె ఏ కాలంలో ఉంటే దానికి తగ్గ జంట వస్తుంది. ఓ పర్లాతొ (మాట్లాడాను) రోజువారీ గతం. అవేవొ పర్లాతొ (అప్పటికే మాట్లాడాను), అవ్రో పర్లాతొ (మాట్లాడి ఉంటాను), అవ్రేయి పర్లాతొ (మాట్లాడేవాణ్ణి), కె ఈయొ ఆబ్బ్య పర్లాతొ, కె ఈయొ అవేస్సి పర్లాతొ. ఏబ్బి పర్లాతొ పుస్తకాలకే పరిమితం, దాని మీద సమయం పెట్టకండి. అవేరె పర్లాతొ మూల రూపానికి గతం. అవేందొ పర్లాతొ మన క్త్వార్థకం లాంటిది: మాట్లాడి. దీంతో తొమ్మిదీ అయ్యాయి.

అవ్రా పర్లాతొ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ‘అతను మాట్లాడి ఉంటాడు’ అని మనం ఊహను భవిష్యత్ రూపంలోనే చెబుతాం కదా. ఇటాలియన్లూ అచ్చం అలాగే. ఇంగ్లీషు మీదుగా వెళ్తే కష్టపడాల్సిన ఈ వాడుక తెలుగు నుంచి నేరుగా వస్తుంది.

రాతలో ఒక హెచ్చరిక. ఓ, ఆయి, ఆ, ఆన్నొ ముందు రోమన్ లిపిలో హెచ్ అక్షరం ఉంటుంది, పలకరు. అది వదిలేస్తే ‘ఉన్నాయి’ అన్నది ‘సంవత్సరం’ అయిపోతుంది.

రాకపోకలు, పుట్టడం, చావడం లాంటి కొన్ని క్రియలు అవేరె బదులు ఏస్సెరె (ఉండు) తీసుకుంటాయి. దాని వర్తమానం సోనొ, సేయి, ఏ, స్యామొ, స్యేతె, సోనొ. అప్పుడు వెనక మాట లింగ వచనాలను బట్టి మారుతుంది. ‘వచ్చాడు, వచ్చింది’ తెలిసిన మనకు ఇది సహజమే: ఏ అర్రివాతొ (వచ్చాడు), ఏ అర్రివాత (వచ్చింది), సోనొ అర్రివాతి (వచ్చారు), అందరూ ఆడవాళ్లే అయితే సోనొ అర్రివాతె. చిక్కు వస్తువుల దగ్గర. తెలుగులో రైలు వచ్చింది, ఉత్తరం వచ్చింది. ఇటాలియన్‌లో త్రేనొ పుంలింగం కనక ఏ అర్రివాతొ, లేత్తెర స్త్రీలింగం కనక ఏ అర్రివాత. ఆడవాళ్లు తమ గురించి చెప్పుకునేటప్పుడు కూడా సోనొ అర్రివాత అనాలి. తెలుగులో ‘వచ్చాను’కు లింగం లేదు కాబట్టి ఇది తరచూ మరిచిపోతారు.

మిగతా రెండు కుటుంబాలు

‘-ఎరె’ క్రియకు వేందెరె (అమ్ము), ‘-ఇరె’ క్రియకు దొర్మీరె (నిద్రపోవు) తీసుకోండి. అవే మూడు కోతలు: వేంద్, వెందే, వెందెర్. దోర్మ్, దొర్మీ, దొర్మిర్. మూడో కోతలో వీటి అచ్చు మారదు: వెందెరో, దొర్మిరో.

వర్తమానం: వేందొ, వేంది, వేందె, వెంద్యామొ, వెందేతె, వేందొనొ. దోర్మొ, దోర్మి, దోర్మె, దొర్మ్యామొ, దొర్మీతె, దోర్మొనొ. వాళ్లు రూపం ‘-అనొ’ కాదు, ‘-ఒనొ’. కొంజుంతీవొలో అచ్చులు తారుమారు: అరె కుటుంబం ‘ఇ’ తీసుకుంటే ఇవి ‘అ’ తీసుకుంటాయి. వేంద, దోర్మ. కాబట్టి మర్యాద ఆజ్ఞ పార్లి, వేంద, దోర్మ. చనువు ఆజ్ఞ పార్ల, వేంది, దోర్మి.

రెండో కోతకు తప్పిపోయేవాటిలో ముఖ్యమైనవి ఇవి: వేందెరెకు పర్తిచీపియొ వెందూతొ, దొర్మీరెకు జెరూందియొ దొర్మేందొ.

‘-ఇరె’ల్లో చాలా క్రియలు వర్తమానంలో మధ్యన ఒక ‘ఇస్క్’ దూర్చుకుంటాయి. ఫినీరె (ముగించు): ఫినీస్కొ, ఫినీష్షి, ఫినీష్షె, ఫిన్యామొ, ఫినీతె, ఫినీస్కొనొ. మేము, మీరు రూపాల్లో అది రాదు. కొంజుంతీవొ, ఆజ్ఞ తప్ప ఇంకెక్కడా రాదు. గుర్తు: ‘-ఇరె’ ముందు రెండు హల్లులుంటే (దొర్మీరె, పర్తీరె, సెంతీరె) ఎక్కువగా ఉండదు. ఒక్క హల్లే ఉంటే (ఫినీరె, కపీరె, పులీరె) ఎక్కువగా ఉంటుంది. నూటికి నూరుపాళ్లు కాదు గానీ మొదట్లో బాగా పనికొస్తుంది.

రోమన్ రాతలో ఇంకొక్కటి. చెర్కారె (వెతుకు), పగారె (చెల్లించు) లాంటి వాటిలో ఇ, ఎ ముందు క, గ శబ్దం నిలబెట్టడానికి హెచ్ చేర్చాలి: చేర్కి, పగెరో. తెలుగు లిపిలో ఏమీ మారలేదు, మారేది వాళ్ల రాతే. మంజారె (తిను) లాంటి వాటిలో ఇందుకు ఎదురు: జ శబ్దం కోసం పెట్టిన ఐ అక్షరం మంజెరోలో అక్కర్లేదు, తీసేస్తారు.

సాధన

2018 చివరి నుంచి పెళ్లి ద్వారానో, నివాసం ద్వారానో ఇటలీ పౌరసత్వం అడిగేవాళ్లు బి1 స్థాయి (ఐరోపా భాషా కొలమానంలో నడిమి మెట్టు) భాష చూపించాలి. ఆ దారిలో ఉన్నా, చదువుకు వెళ్తున్నా క్రమం ఒకటే: ముందు వర్తమానం, ఓ పర్లాతొ, ఇంపెర్ఫేత్తొ. తర్వాత భవిష్యత్తు, కొందిత్సియొనాలె, ఆజ్ఞ. ఆపైన కొంజుంతీవొ. రోజూ ఒక కొత్త క్రియను మూడు కోతలు కోసి, ప్రతి కాలంలోనూ ‘నేను’, ‘వాళ్లు’ రూపాలు పైకి చదవండి. ఆరూ అక్కర్లేదు, నొక్కు తప్పేది ఎక్కువగా ఈ రెండింటి మధ్యే. కొంప్రారె (కొను)తో సరిచూసుకోండి: కోంప్రొ, కోంప్రనొ. కొంప్రావొ, కొంప్రావనొ. కొంప్రెరో, కొంప్రెరాన్నొ. కొంప్రాస్సి, కొంప్రాస్సెరొ. కొంప్రెరేయి, కొంప్రెరేబ్బెరొ.

‘-అరె’ కుటుంబంలో ఈ పద్ధతికి లొంగని క్రియలు నాలుగే: అందారె, దారె, స్తారె, ఫారె. ‘-ఎరె’ల్లో మాత్రం పర్తిచీపియొ, రెమోతొ ఎక్కువసార్లు దారి తప్పుతాయి. ప్రేందెరె నుంచి ప్రేసొ, స్క్రీవెరె నుంచి స్క్రీత్తొ, లేజ్జెరె నుంచి లేత్తొ. అందుకే కొత్త ‘-ఎరె’ క్రియ కనిపించినప్పుడల్లా నిఘంటువులో నాలుగు రూపాలు చూసి ఒకే వరుసలో రాసుకోండి: మూల రూపం, ‘నేను’ వర్తమానం, ‘నేను’ రెమోతొ, పర్తిచీపియొ. స్క్రీవెరె, స్క్రీవొ, స్క్రీస్సి, స్క్రీత్తొ.